క్యామ్ తర్వాత, ముందు బ్లాకు తేల్చుకోండి

పాత కారుని రేసుకి సిద్ధం చేస్తున్నారంటే మాటలన్నీ క్యామ్ షాఫ్ట్ చుట్టూ, కార్బురేటర్ల చుట్టూ తిరుగుతాయి. ఇంజను బ్లాకు, అంటే సిలిండర్లుండే మూల పోత, దాని ఊసు ఎవరూ ఎత్తరు. కారుతో వచ్చిందే కదా, ఉన్నదేదో ఉంది అనుకుంటారు. తీరా చూస్తే కారు ఏ క్లాసులో, అంటే సీసీని బట్టి విడదీసిన ఏ పోటీలో నిలబడుతుందో, అసలు నిలబడుతుందో లేదో తేల్చేది ఆ బ్లాకే. క్యామ్ నిబంధనకి సరిపోకపోతే ఒక పూటలో మార్చుకోవచ్చు. బ్లాకు సరిపోకపోతే పిస్టన్లు, రింగులు, మెషిన్ షాపు కూలీ అన్నీ నీళ్లలో పోసినట్టే.

చెన్నైలో ఈ సంగతి మరీ ముఖ్యం. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ మొదలైన దగ్గర్నుంచి షోళవరం పాత రన్‌వే మీద, 1990 నుంచి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పరిగెత్తిన మన పాత కార్లలో ఎక్కువ భాగం ఫియట్లు, హెరాల్డ్‌లు, అంబాసిడర్లు. ఈ మూడింటిలో రెండింటి ఇంజన్లు క్లాసు హద్దుకి వెంట్రుకవాసి దూరంలో ఉంటాయి. ఒక్క సైజు ఎక్కువ బోరు కొట్టిస్తే, అంటే సిలిండర్ లోపలి వ్యాసం పెంచితే, పై క్లాసులో పడతాయి. ఆ లెక్కలకి తర్వాత వస్తాను.

నిబంధనల పుస్తకం ఏ క్లబ్బుదైనా బ్లాకుని అడిగేవి మూడే ప్రశ్నలు: ఇది ఏ పోత? బోరు ఎంత? లోపల స్లీవ్ (సిలిండర్ లోపల దించే లోహపు గొట్టం) ఉందా, ఉంటే ఎందుకుంది? ఒకదానికి జవాబు దొరికిందని మిగతా రెండూ సర్దుకుపోవు. కొలత సరిగ్గా ఉండి పోత వేరైతే కారు బయటికే. పోత అసలైనదై బోరు దాటితే క్లాసు మారిపోతుంది.

పోత దగ్గర మొదలుపెడదాం. ప్రపంచమంతా పాత కార్ల రేసింగ్‌కి ఆధారం అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సమాఖ్య ఎఫ్ఐఏ వారి అపెండిక్స్ కే అనే నిబంధనల పుస్తకం. కార్లని అది కాలాలుగా విడదీస్తుంది: 1947 నుంచి 1961 దాకా ఈ, 1962-65 ఎఫ్, 1966-69 జీ1, 1970-71 జీ2, అలా ముందుకి. కారు తన కాలంలో ఏ రూపంలో పోటీ పడిందో ఆ రూపంలోనే ఉండాలన్నది మూల సూత్రం. ఆ రూపం అప్పట్లో ఉండేదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కారు తెచ్చినవాళ్లది, అధికారులది కాదు. ఇది చాలామందికి తలకెక్కదు. "ఇది తప్పని మీరు చూపించండి" అని వాదించడం ఇక్కడ కుదరదు. కొత్తగా పోసిన బ్లాకైనా సరే, లోహం అదే, కొలతలు అవే, ఆకారం అదే అయితే సాధారణంగా ఒప్పుకుంటారు. పోత ఇనుము ఉన్నచోట అల్యూమినియం పెడితే మాత్రం ఒప్పుకోరు.

ఎందుకింత పట్టుదల? తర్వాతి కాలపు బ్లాకు దాదాపు ఎప్పుడూ గట్టిది. గోడలు మందం, మెయిన్ బేరింగుల చుట్టూ లోహం ఎక్కువ. అది దొరికితే ఎక్కువ బోరు, ఎక్కువ ఆర్‌పీఎమ్ రెండూ వస్తాయి. 1964 కారులో 1974 బ్లాకు పెడితే బయటికి రంగూ రూపూ అలాగే ఉంటాయి గానీ పోటీ 1974 కారుతో అయినట్టే. ఒకరు పెడితే మిగతావాళ్లు పెట్టక తప్పదు. అసలు బ్లాకుతో వచ్చినవాడు ఇంట్లో కూర్చుంటాడు. ఈ నిబంధన న్యాయమైనదే అని గట్టిగా నమ్ముతాను.

ఫోర్డ్ కెంట్ ఇంజన్ల కుటుంబం దీనికి మంచి ఉదాహరణ. లోటస్ ట్విన్ క్యామ్ ఇంజను పాత 1500 ఐదు బేరింగుల బ్లాకు మీద కట్టింది: బోరు 82.55, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ ప్రయాణించే దూరం) 72.75 మి.మీ., 1558 సీసీ. 1970 దాటాక వచ్చిన 711ఎం బ్లాకు దానికన్నా చాలా గట్టిది, ఇప్పటికీ దొరుకుతుంది. అందుకే ఆశ పుడుతుంది. కానీ అది 1600 కోసం పోసిన బ్లాకు, ఎత్తు సుమారు 11 మి.మీ. ఎక్కువ. స్కేలు పెట్టి కార్లని తనిఖీ చేసే స్క్రూటినీర్‌కి ఇంజను విప్పకుండానే తెలిసిపోతుంది. 1965 కార్టినా లోటస్‌లో అది కనిపిస్తే వాదనకి చోటే లేదు. అసలు బ్లాకునే 83.5కి తీసుకెళ్తే 1594 సీసీ వస్తుంది, 1600 హద్దులోపలే. మందం గోడలున్న అసలు బ్లాకుల కోసం అంత వెతుకులాట జరిగేది అందుకే.

మినీలో తేడా ఇంకా తేలిగ్గా కంటికి కనిపిస్తుంది. 1275 కూపర్ ఎస్ బ్లాకు పక్కన ట్యాపెట్ గదులకి రేకు మూతలుంటాయి. తర్వాత వచ్చిన సాధారణ 1275 బ్లాకుల్లో, 1980లో వచ్చిన ఏ-ప్లస్ బ్లాకుల్లో అవి ఉండవు. బోరు విషయంలోనూ ఈ ఇంజను పాఠం చెబుతుంది. ఇరవై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఎక్కువ కొట్టిస్తే అందరూ 1293 అని పిలిచే సైజు, 1300 క్లాసులో హాయిగా ఉంటుంది. నలభై థౌ కొట్టిస్తే 1310 దగ్గరికి వెళ్లి క్లాసు తప్పుతుంది. జాగ్వార్‌లో 3.8 బ్లాకుకీ 1964 చివర్లో వచ్చిన 4.2 బ్లాకుకీ స్ట్రోకు ఒకటే, 106 మి.మీ.; కానీ 4.2లో సిలిండర్ల మధ్య దూరాలే మార్చారు. ఆ రెండూ ఒకే బ్లాకు కావు, ఒకదాన్ని బోరు కొట్టించి రెండోది చేయలేరు.

పోత మీద ఉండే కాస్టింగ్ నంబరు చూపించి అంతా తేలిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. షెవర్లే 3970010 అనే ఒక్క నంబరు 302 క్యూబిక్ అంగుళాల ఇంజనులోనూ ఉంది, 350లోనూ ఉంది. పోసిన తేదీని నెలకి ఒక అక్షరం, రోజు, సంవత్సరంలో చివరి అంకెతో గుర్తిస్తారు. 9 అని ఉంటే అది 1969 కావచ్చు, 1979 కావచ్చు. అందుకే నంబరు, తేదీ, కొలతలు, కంటికి కనిపించే ఆకారం నాలుగూ ఒకే కథ చెప్పాలి.

మన దగ్గర అంబాసిడర్‌లో ఇలాంటి చిక్కే ఉంది. పాత పెట్రోలు ఇంజను బీఎంసీ బీ-సిరీస్, 1489 సీసీ, మూడు మెయిన్ బేరింగులు. అదే కుటుంబంలోంచి వచ్చిన డీజిల్ కూడా 1489 సీసీయే. డీజిల్ బ్లాకు గట్టిది కదా, అదీ అంబాసిడర్‌దే కదా అని పెట్రోలు రేసు కారులో పెడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. సీసీ కలిసినా ఆ ఇంజను వేరు. ఈవెంటు నిబంధనల్లో "అదే మోడల్ బ్లాకు" అని మాత్రమే ఉంటే రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. "అదే ఇంజను రకం" అని ఉంటే అడగాల్సిన పని కూడా లేదు, కుదరదు. ఎంజీబీ నుంచి తెచ్చిన 1798 సీసీ బ్లాకు సంగతి ఇంకా స్పష్టం. 1964 చివరి నుంచి దానికి ఐదు బేరింగులు. సంప్ విప్పగానే లెక్కపెట్టొచ్చు.

ఇక బోరు లెక్కలు. అసలు విషయం ఇక్కడే ఉంది, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. బోరు, స్ట్రోకు సెంటీమీటర్లలో తీసుకుని 0.7854 × బోరు × బోరు × స్ట్రోకు × సిలిండర్ల సంఖ్య. హెడ్ గదిగానీ గాస్కెట్ మందంగానీ ఇందులో రావు. డెక్ ఫేసింగ్ (బ్లాకు పైభాగం చదును) చేయించినా సీసీ మారదు, కంప్రెషన్ మాత్రమే మారుతుంది.

ప్రీమియర్ పద్మిని: బోరు 68, స్ట్రోకు 75. లెక్క కడితే 1089.5 సీసీ. క్లాసు 1100 దాకా అనుకుందాం. 0.25 మి.మీ. ఎక్కువ కొట్టిస్తే 1097.5, లోపలే. 0.50 కొట్టిస్తే 1105.6, బయటికి. అంటే రేసు కోసం కట్టే పద్మిని బ్లాకుకి జీవితంలో ఒక్కటే రీబోరు ఉంది. ఆ తర్వాత స్లీవ్ వేయాల్సిందే. ఇటలీలో 1100డి 72 మి.మీ. బోరుతో 1221 సీసీ చేసింది నిజమే. మన పద్మిని మాత్రం 1089తోనే సాగింది కాబట్టి ఆ బోరు చూపించి క్లాసు అడగడం చెల్లదు.

అంబాసిడర్: బోరు 73.025, స్ట్రోకు 88.9. 1489.3 సీసీ. పది థౌ కొట్టిస్తే బోరు 73.279, లెక్క 1499.7. క్లాసు 1500 దాకా అయితే మిగిలింది 0.3 సీసీ. ఈ ఇంజనులో బోరు 0.01 మి.మీ. పెరిగితే 0.41 సీసీ పెరుగుతుంది. అంటే హోనింగ్‌లో ఒక్క పాయింటు, అంటే 0.01 మి.మీ., ఎక్కువ తోస్తే 1500.1 అయి కూర్చుంటుంది. ఇరవై థౌ అయితే 1510, ఆలోచించాల్సిన పనే లేదు. నా మాట వింటే 1500 హద్దు కచ్చితంగా ఉన్న క్లాసుకి పది థౌతో ఇంజను కట్టకండి. స్టాండర్డ్ సైజుకి స్లీవ్ వేయించి కట్టండి. ఆ పది సీసీతో వచ్చే బలం హెడ్ పనిలో సులువుగా దొరుకుతుంది.

మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ 63 × 76, 947.6 సీసీ. దీనికి 1000 హద్దు చాలా దూరం. 1.5 మి.మీ. కొట్టించినా 993. ఇక్కడ ఆపేది సీసీ కాదు, ఎంత బోరు ఒప్పుకుంటారన్నది. ఎఫ్ఐఏ గ్రూప్ ఏ నిబంధనల్లో అసలు బోరు మీద 0.6 మి.మీ. గరిష్ఠంగా ఉండేది, అదీ క్లాసు దాటకుండా ఉంటేనే. అదే సూత్రాన్ని మీ ఈవెంటు పాటిస్తే హెరాల్డ్ 63.6 దగ్గర, 966 సీసీతో ఆగిపోవాలి. కాబట్టి నిబంధనల్లో సీసీ హద్దు, బోరు హద్దు రెండూ వెతకండి. ఏది ముందు తగిలితే అది మీ హద్దు. కాస్త కొత్త కార్లలో మారుతి ఎస్టీమ్ మరీ ఇరుకు: 74 × 75.5 అంటే 1298.9. క్లాసు 1300 అయితే రీబోరుకి చోటే లేదు.

క్రాంక్ వల్ల కూడా క్లాసు తప్పొచ్చు. గ్రైండింగ్‌లో కనెక్టింగ్ రాడ్ జర్నల్ మధ్యరేఖ పక్కకి జరిగితే స్ట్రోకు మారుతుంది. పద్మినికి 68.25 బోరు కొట్టించి, స్ట్రోకు 75 బదులు 75.25 అయితే 1097.5 కాస్తా 1101.2 అవుతుంది. గ్రైండింగ్ అయ్యాక డయల్ గేజి పెట్టి నాలుగు సిలిండర్లకీ స్ట్రోకు చూసుకోండి. పై చివర (టీడీసీ) నుంచి కింది చివర (బీడీసీ) దాకా పిస్టన్ ప్రయాణమే స్ట్రోకు. పావుగంట పని.

కొలిచేటప్పుడు వేడి మాట మర్చిపోకూడదు. పోత ఇనుము ఒక డిగ్రీకి మీటరుకి 11 మైక్రాన్ల చొప్పున పెరుగుతుంది. రేసు ముగిసి 75 డిగ్రీల్లో ఉన్న బ్లాకుని 30 డిగ్రీల్లో ఉన్న గేజితో కొలిస్తే 73 మి.మీ. బోరు 0.036 పెద్దదిగా కనిపిస్తుంది. అంబాసిడర్‌లో అది ఒకటిన్నర సీసీ. రేసయ్యాక కార్లని తనిఖీకి ఆపి ఉంచే పార్క్ ఫెర్మేలో ఎవరైనా తొందరపడి కొలవబోతే ఇంజను చల్లారేదాకా ఆగమని అడిగే హక్కు మీకుంది, మర్యాదగా అడగండి. చెన్నై మే నెల ఎండ సంగతి వేరు: బ్లాకు, బోర్ గేజి, దాన్ని సెట్ చేసే రింగు మూడూ ఒకే 38 డిగ్రీల్లో ఉంటే ఉక్కూ ఇనుమూ దాదాపు ఒకేలా పెరుగుతాయి, తేడా రాదు. గేజి ఏసీ గదిలోంచి వచ్చి బ్లాకు ఎండలో ఉంటేనే గొడవ. రెండింటినీ రాత్రంతా ఒకే గదిలో ఉంచండి.

ప్రతి సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ఒక్కో చోట క్రాంక్ వరసలో ఒకటి, అడ్డంగా ఒకటి, మొత్తం ఆరు కొలతలు రాయండి. నాలుగు సిలిండర్లకి ఇరవైనాలుగు. వీలైతే హెడ్ బదులు బిగించే టార్క్ ప్లేట్ వేసి హోనింగ్ (బోరుకి చివరి నునుపు) చేయించండి. హెడ్ బోల్టులు బిగిస్తే బోరు ఒకటి రెండు పాయింట్లు లాగుతుంది. హద్దు మీద ఉన్న ఇంజనుకి ఆ ఒకటి రెండు పాయింట్లే ప్రాణం. ప్లేటుకి 40 మి.మీ. మందం ఉక్కు చాలు. హెడ్ గాస్కెట్ వేసి, అసలు బోల్టులతో, అసలు టార్క్‌కే బిగించాలి.

స్లీవ్ విషయంలో ఒక తేడా తెలిసుండాలి. అరిగిపోయిన బ్లాకుని స్టాండర్డ్ సైజుకి తెచ్చేందుకు స్లీవ్ వేస్తే అది మరమ్మతు, దాదాపు అన్నిచోట్లా సరే. గ్రూప్ ఏలో స్లీవ్ లోహం మార్చుకునే వీలు కూడా ఉండేది. స్టాండర్డ్ కన్నా చిన్న బోరుకి స్లీవ్ వేసి కింది క్లాసులోకి దిగడం మరమ్మతు కాదు, ఇంజను రూపమే మార్చడం. నిబంధనల్లో అది స్పష్టంగా అనుమతించి ఉంటే తప్ప చేయించకండి.

పని నాణ్యతకొస్తే, పొడి స్లీవ్ (నీళ్లు తగలని రకం) 2 నుంచి 2.5 మి.మీ. గోడతో, 0.05 నుంచి 0.08 బిగువుతో ప్రెస్ చేయించండి. పైన కాలరు కూర్చోడానికో, కింద స్లీవ్ ఆనడానికో మెట్టు వదలమని చెప్పండి. మెట్టు లేకపోతే వేడికి స్లీవ్ కొద్దికొద్దిగా కిందికి దిగి, హెడ్ గాస్కెట్ ఆ చోటే కాలుతుంది. గాస్కెట్ మార్చినా మళ్లీ అదే చోట కాలుతుంటే అనుమానించాల్సింది స్లీవ్‌నే. బిగువు మరీ ఎక్కువైతే పక్క సిలిండర్ గుండ్రం పోతుంది. అందుకే నాలుగు స్లీవులూ దిగాకే ఫైనల్ బోరింగ్. ఒకటి దించి ఒకటి బోరు కొడుతూ వెళ్లే షాపు అయితే మాట్లాడి ఆపించండి.

బ్లాకు కొనాల్సి వస్తే చెన్నైలో కాళ్లు ముందు పాత బండ్ల విడిభాగాలమ్మే పుదుప్పేటకే వెళ్తాయి. దుకాణంలో రంగు వేసిన బ్లాకు కనిపిస్తే ఆ రంగు కింద ఏముందో చూడకుండా బేరం ఆడకండి. కిరసనాయిలు, వైరు బ్రష్షు తీసుకెళ్లండి. కాస్టింగ్ నంబరు పోతలోనే ఉబ్బి ఉంటుంది. ఇంజను నంబరు చదునైన చోట గుద్ది ఉంటుంది. ఆ చదునులో గ్రైండర్ గీతలు కనిపించినా, అంకెలు వరస తప్పినా వదిలేసి ముందుకి నడవండి. అది రేసింగ్ సమస్య కాదు, పోలీసు సమస్య. బిల్లు లేని బ్లాకు వద్దు.

తర్వాత నీళ్ల గదులు. చెన్నైలో చాలా ప్రాంతాల బోరుబావి నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. ఏళ్ల తరబడి అవే రేడియేటర్‌లో పోస్తే లోపలి నుంచి గోడలు తినేస్తాయి. బ్లాకు పక్క రంధ్రాలకి మూతల్లా ఉండే వెల్చ్ ప్లగ్గులు పీకించి లోపల వేలు పెట్టి చూడండి. పెళ్లలు పెళ్లలుగా తుప్పు వస్తుంటే అల్ట్రాసోనిక్ గేజితో గోడ మందం కొలిపించాలి, ముఖ్యంగా పిస్టన్ ఆనే రెండు వైపులా. బోరు కొట్టించాక 3 మి.మీ. కన్నా తక్కువ మిగిలేట్టుంటే రేసుకి వాడకపోవడమే మంచిది. పోసేటప్పుడు కోర్ (అచ్చులో ఖాళీ కోసం పెట్టేది) జరిగితే ఒక వైపు 5, ఇంకోవైపు 3 ఉండటం మామూలే. సగటు చూసి మోసపోవద్దు, కనిష్ఠమే లెక్క. ఆపైన ప్రెషర్ టెస్టు: నీళ్ల దారులన్నీ మూసి, 2 బార్ గాలితో, వేడినీళ్లలో ముంచి. చన్నీళ్లలో కనిపించని పగులు వేడికి తెరుచుకుంటుంది. మూడు బేరింగుల బీ-సిరీస్‌లో మధ్య మెయిన్ బేరింగ్ చుట్టూ ఉన్న అడ్డగోడని పగుళ్లు చూపించే రంగు ద్రవం, డై పెనిట్రెంట్ వేసి తప్పకుండా చూడండి. ఎక్కువ తిప్పితే క్రాంక్ వంగి కొట్టేది అక్కడే. ఉక్కు మెయిన్ క్యాపులతో బలపరచాలనిపిస్తుంది. కొన్నిచోట్ల అది సరే, కొన్నిచోట్ల కాదు. అడగకుండా వేయించి లైన్ బోరింగ్ చేయించేస్తే పాత క్యాపులు మళ్లీ అలాగే పెట్టడం కుదరదు.

కారుకి యాభై ఏళ్లు దాటి ఉంటే ఇంకో కోణం ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం వీఏ సిరీస్ నంబరు కావాలంటే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను మార్పుల్లాంటి పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. రేసు కోసం వేరే రకం బ్లాకు పెట్టి, అసలుది పాత ఇనుముకి అమ్మేసినవాళ్లు ఆ దారి తామే మూసుకున్నట్టు. అసలు బ్లాకు పగిలినా సరే, నూనె రాసి, గోనెసంచిలో చుట్టి, ఇంట్లో ఒక మూల పెట్టండి. రోడ్డు మీద తిరిగే బండికి బ్లాకు మారిస్తే ఆర్‌సీలో ఇంజను నంబరు మార్పించుకోవడం ఎలాగూ తప్పదు.

ఇంజను కట్టేముందే ఒక ఫైలు తెరవండి. రంగు వేయకముందు కాస్టింగ్ నంబరు, తేదీ గుర్తు, ఇంజను నంబరు ఫోటోలు, ప్రతిదాని పక్కన స్కేలు పెట్టి. ఇరవైనాలుగు కొలతల కాగితం, కొలిచిన రోజు ఉష్ణోగ్రతతో సహా. స్ట్రోకు కొలతలు. మెషిన్ షాపు బిల్లు మీద బోరు సైజు రాయించుకోండి, "బోరింగ్ చార్జీలు" అని మాత్రమే ఉంటే పనికిరాదు. పిస్టన్ పెట్టె మీది చీటీ కూడా దాచండి. ఎవరైనా మీ కారు మీద ప్రొటెస్ట్ (ఫిర్యాదు) వేస్తే ఇంజను విప్పకుండా బయటపడే అవకాశం ఈ ఫైలే ఇస్తుంది. విప్పాల్సి వచ్చినా ఏ కొలత ఎక్కడ రావాలో మీ చేతిలో ఉంటుంది.

ఎంట్రీ ఫారం నింపకముందు నిర్వాహకులకి మెయిల్ పంపండి. ఈవెంటు సప్లిమెంటరీ రెగ్యులేషన్స్‌లో ఏ పేరా గురించి అడుగుతున్నారో చెప్పి, మీ బ్లాకు కాస్టింగ్ నంబరు, బోరు, స్ట్రోకు, స్లీవ్ ఉందో లేదో నాలుగు ముక్కల్లో రాయండి. సీసీ హద్దుకి ఏమైనా వెసులుబాటు ఉందా, రీబోరు ఎంతవరకు, తర్వాతి కాలపు బ్లాకు ఒప్పుకుంటారా, మెయిన్ క్యాపులు మార్చొచ్చా అని ఒక్కో ప్రశ్న విడిగా అడగండి. ఫోనులో "పర్లేదు సార్, రండి" అన్నమాట స్క్రూటినీ బల్ల దగ్గర నిలబడదు. జవాబు మెయిల్‌లో వచ్చాకే బ్లాకుని మెషిన్ షాపుకి పంపండి.